ఒక రోజు, మూడు బ్రూవరీలు, పదకొండు మంది: బృంద సందర్శన సేవపై సమీక్ష

ఒకే కార్యాలయంలో పనిచేసే పదకొండు మందిమి కలిసి ఒక శనివారం మూడు చిన్న బ్రూవరీలను చూసి రావాలని అనుకున్నాం. ఇటువంటి సందర్శనలను ఏర్పాటు చేసే ఒక సంస్థ దగ్గర పూర్తి రోజు సేవను తీసుకున్నాం. వాహనం, డ్రైవరు, వెంట ఉండి వివరించే గైడు, ప్రతిచోటా తలా నాలుగు చిన్న గ్లాసుల బీరు, బీరు తయారయ్యే విభాగంలోకి ప్రవేశం, ఇవన్నీ ఆ సేవలో భాగమే. నా తీర్పును ముందే చెబుతాను. మొదటి బ్రూవరీ ఒక్కటే చూసి తిరిగి వచ్చినా పెట్టిన సొమ్ము వృథా కాలేదని అనుకునేవాళ్లం. మూడో చోటికి అసలు వెళ్లకపోయి ఉంటే ఆ రోజు మాకు ఇంకా బాగా గుర్తుండేది. ఐదుకు మూడు మార్కులు వేస్తున్నాను. ఆ మూడింటిలో ఎక్కువ భాగం సంస్థకు కాక, మాకు తన పనిని ఓపికగా చూపించిన మొదటి బ్రూవరీ వారికి చెందుతుంది.

బుకింగ్ సమయంలో సంస్థ మమ్మల్ని అడిగిన ప్రశ్నలు రెండే: ఎంతమంది వస్తున్నారు, ఏ తేదీన వస్తున్నారు. అడగవలసినవి వేరే ఉన్నాయి. మాలో ఇద్దరు మద్యం ముట్టరు, ఒకరికి పాలలోని లాక్టోజ్ పడదు, ముగ్గురు శాకాహారులు. బీరుకూ పాలకూ ఏమిటి సంబంధమని మాలోనే ఒకరు నవ్వారు గానీ, మిల్క్ స్టౌట్ అనే నల్లని బీరులో లాక్టోజ్‌ను కావాలనే కలుపుతారు. బీరుకు వాడే ఈస్ట్ ఆ చక్కెరను పులియబెట్టలేదు కాబట్టి దాని తీపి గ్లాసులోకి వచ్చేదాకా అలాగే నిలిచి ఉంటుంది. ఏల్ అనే రకానికి చెందిన కొన్ని సంప్రదాయ బీర్లను తేటపరచడానికి చేపల గాలితిత్తుల నుంచి తీసే ఐసింగ్లాస్ అనే పదార్థాన్ని వాడతారు. గిన్నెస్ వంటి పెద్ద కంపెనీ కూడా దానిని మానుకుంటున్నట్టు 2015లో మాత్రమే ప్రకటించింది. గోధుమతో చేసే బీర్లు, బార్లీతో చేసే బీర్లు రెండూ గ్లూటెన్ పడనివారికి ఇబ్బందే. ఈ వివరాలను సంస్థ అడగకపోయేసరికి మేమే మూడు బ్రూవరీలకూ విడివిడిగా ఫోన్ చేసి తెలుసుకోవలసి వచ్చింది. ఆ పనీ మేమే చేసుకునేటట్లయితే మధ్యలో ఒక సంస్థ ఎందుకన్న ప్రశ్న అక్కడే మొదలైంది.

ఫోన్ చేసినందుకు మరొక లాభం కలిగింది. శనివారం మధ్యాహ్నం వస్తే మెరిసే స్టీలు పాత్రలు తప్ప ఏమీ కనబడవని, ఉదయం తొమ్మిదికే వస్తే ఆ రోజు బీరు కాచే పని మొదటి నుంచీ చూడవచ్చని మొదటి బ్రూవరీవారే చెప్పారు. ఒక విడత బీరు కాయడానికి, తరువాత పాత్రలు కడగడంతో కలిపి, ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. అందువల్ల పని తెల్లవారుతూనే మొదలై మధ్యాహ్నం దాటేసరికి ముగింపుకు వస్తుంది. సంస్థ ఇచ్చిన కార్యక్రమంలో మా రోజు పదకొండున్నరకు మొదలవుతుంది. మేము పట్టుబట్టాక దానిని తొమ్మిదికి జరిపారు, ఏ పేచీ పెట్టకుండానే జరిపారు కూడా. ఈ వెసులుబాటును మెచ్చుకోవాలి. కానీ అడగనివారికి ఖాళీ పాత్రలే గతి అన్నమాట.

మొదటి చోట మేము గడిపిన రెండున్నర గంటల గురించి కొంచెం వివరంగానే రాస్తాను. లోపలికి వెళ్లేముందు కాలి వేళ్లు కనబడని బూట్లు ఉన్నాయో లేదో చూశారు, చెప్పులతో వచ్చిన ఒకరికి రబ్బరు బూట్లు ఇచ్చారు. నేల అంతా తడి, పక్కనే మరుగుతున్న పాత్ర. ఆ జాగ్రత్త అతి అని ఎవరికీ అనిపించలేదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ను, నాలుగు రకాలు గిన్నెల్లో పెట్టి నమలమన్నారు. లేత రంగు గింజ బిస్కెట్ రుచిని, బాగా వేయించిన నల్ల గింజ కాఫీ చేదును ఇచ్చాయి. నల్లని బీరు నల్లగా ఉండటానికి కారణం ఏదో రంగు కలపడం కాదనీ, ఆ గుప్పెడు వేయించిన గింజలేననీ మాలో సగం మందికి అప్పుడే తెలిసింది.

మర పట్టిన మాల్ట్‌ను వేడి నీళ్లలో నానబెట్టే దశను మాష్ అంటారు. మేము వెళ్లేసరికి అది మొదలై పది నిమిషాలైంది, థర్మామీటరు 66 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది. ఒక్క మూడు డిగ్రీల తేడా ఎందుకు అంత ముఖ్యమో బ్రూవరు మాకు చెప్పిన తీరు ఆ రోజంతటిలోకీ నాకు నచ్చిన ఘట్టం. గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు రెండు రకాలు. 63 డిగ్రీల దగ్గర ఒకటి చురుగ్గా ఉండి ఈస్ట్ తినగలిగే చక్కెరలను ఎక్కువగా తయారు చేస్తుంది, 70 డిగ్రీల వైపు జరిగితే రెండోది పైచేయి సాధించి ఈస్ట్ తినలేని పెద్ద చక్కెరలను మిగులుస్తుంది. మొదటి దారిలో బీరు తేలికగా, తీపి తక్కువగా ఉంటుంది. రెండో దారిలో నోటికి చిక్కగా తగులుతుంది. ఆ తరువాత వడకట్టిన తీపి ద్రవాన్ని, అంటే వోర్ట్‌ను, చిన్న కప్పుల్లో పోసి అందరికీ ఇచ్చారు. అందులో ఇంకా మద్యం పుట్టలేదు కాబట్టి మద్యం ముట్టని మా ఇద్దరు కూడా రుచి చూశారు. ఆ రోజు వాళ్లు బృందంలో భాగమని నిజంగా అనిపించింది ఆ ఒక్క కప్పు దగ్గరే.

ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరును వోర్ట్‌లో తేలవేస్తే 1.048 అని చూపించింది. పులియడం పూర్తయ్యాక అది 1.010 దగ్గరకు దిగుతుందని, రెండింటి మధ్య తేడాను 131 తో గుణిస్తే మద్యం శాతం సుమారుగా వస్తుందని చెప్పి, మాలో లెక్కలంటే భయపడే ఒకరి చేతనే ఐదు శాతం అని చెప్పించారు. హాప్స్ అనే మొక్క పువ్వులను అరచేతిలో నలిపి వాసన చూడమన్నారు. మరిగేటప్పుడు మొదట్లోనే వేస్తే వాటి నుంచి చేదు వస్తుంది, సువాసన ఆవిరితో పోతుంది. చివరి నిమిషాల్లోనో, చల్లారాకనో వేస్తే సువాసన నిలుస్తుంది. ఒకే దినుసును వేసే వేళ మార్చి రెండు పనులకు వాడుకునే ఈ నేర్పు తాలింపు వేసే ఎవరికైనా చప్పున అర్థమవుతుంది.

పులియబెట్టే ట్యాంకుల దగ్గర మరో సంగతి బయటపడింది. ఏల్ రకం ఈస్ట్ 18 నుంచి 22 డిగ్రీల మధ్య వారం పది రోజుల్లో పని ముగిస్తుంది. లాగర్ అనే మరో రకం బీరుకు వాడే ఈస్ట్ 8 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో నింపాదిగా పనిచేస్తుంది, ఆపైన సున్నా డిగ్రీలకు దగ్గరగా వారాల తరబడి నిల్వ ఉంచాలి. నాలుగే ట్యాంకులున్న చిన్న బ్రూవరీకి ఒక ట్యాంకు నెలన్నర పాటు ఇరుక్కుపోవడం తట్టుకోలేని భారం. చిన్న బ్రూవరీల పట్టికల్లో ఏల్‌లు ఎక్కువగా, లాగర్లు తక్కువగా కనబడటానికి అభిరుచి ఎంత కారణమో ఈ ట్యాంకుల లెక్క కూడా అంతే కారణం. లాగర్ తాగుదామని ఆశపడి వచ్చే బృందం ముందుగానే అడిగి తెలుసుకోవడం మంచిది. మా బృందంలో అటువంటివారు నలుగురు ఉన్నారు, మూడు చోట్లా కలిపి వారికి దొరికింది ఒకే ఒక లాగర్, పిల్స్‌నర్ అనే రకం.

గైడు విషయానికి వస్తాను. ఆ యువకుడు మర్యాదస్తుడు, సమయపాలన తెలిసినవాడు; అయితే అతనికి కంఠతా పట్టించిన పాఠంలో తప్పులున్నాయి. 1516 నాటి బవేరియా శాసనం బీరును నీరు, బార్లీ, హాప్స్, ఈస్ట్‌లతో మాత్రమే చేయాలని నిర్దేశించిందని వాహనంలో చెప్పాడు. ఆ శాసనంలో ఈస్ట్ ప్రస్తావనే లేదు, దాని పాత్ర అప్పటికి ఎవరికీ తెలియదు. పులియడం ఈస్ట్ అనే జీవి చేసే పని అని 19వ శతాబ్దంలో లూయీ పాశ్చర్ వంటివారు నిరూపించాక, 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ స్వచ్ఛమైన ఒకే రకం ఈస్ట్‌ను వేరు చేశాక గానీ బ్రూవరీలకు దాని మీద పట్టు చిక్కలేదు. అలాగే ఇండియా పేల్ ఏల్ గురించి చెబుతూ, ఓడ ప్రయాణంలో చెడిపోకుండా భారతదేశానికి చేరగలిగినది అదొక్కటేనని అన్నాడు. పోర్టర్ అనే నల్లని బీరు కూడా ఓడల్లో ఇక్కడికి భారీగా వచ్చిన మాట చరిత్రలో నమోదై ఉంది. మొదటి తప్పును బ్రూవరే నవ్వుతూ సరిదిద్దారు. కథలు చెప్పడం తప్పు కాదు, కానీ రుసుము తీసుకుని చెప్పే కథను ఒకసారి సరిచూసుకోవలసిన బాధ్యత సంస్థది.

రెండో చోట తయారీ విభాగాన్ని పది నిమిషాల్లో చూపించి ట్యాప్‌రూమ్‌లో, అంటే బీరు పోసి అమ్మే గదిలో, కూర్చోబెట్టారు. అక్కడ మా ముందుకు వచ్చిన పళ్లెంలో గ్లాసుల వరుస చూసి నేను ఆశ్చర్యపోయాను. తేలికైన గోధుమ బీరు, దాని పక్కనే తొమ్మిది శాతం మద్యం ఉన్న ఇంపీరియల్ స్టౌట్, ఆ తరువాత పిల్స్‌నర్, చివరన ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్. ఈ క్రమంలో తాగితే స్టౌట్ తరువాత వచ్చే పిల్స్‌నర్ నీళ్లలా తోస్తుంది, తప్పు దానిది కాకపోయినా. తేలికైనది ముందు, గాఢమైనది తరువాత, బాగా చేదుగా ఉండేదీ బాగా పుల్లగా ఉండేదీ చివర్లో అన్న పాటి క్రమం చాలు. మేమే గ్లాసులను మార్చి పెట్టుకున్నాం. స్టౌట్‌ను కాసేపు పక్కన ఉంచడం వల్ల మరో మేలు జరిగింది. ఫ్రిజ్ చల్లదనంలో ఏ వాసనా లేని ఆ బీరు, పది పన్నెండు డిగ్రీలకు వచ్చేసరికి చాక్లెట్, ఎండు ద్రాక్షల పరిమళాలను విప్పింది.

అదే చోట పిల్స్‌నర్‌లో వెన్న వాసన వచ్చింది. నాకొక్కడికే అనిపించిందేమోనని గ్లాసును ముగ్గురికి అందించాను, ముగ్గురూ అదే మాట అన్నారు. అది డయాసిటిల్ అనే పదార్థం వాసన. పులిసే దశలో సహజంగా పుట్టే ఈ పదార్థాన్ని, తగిన సమయం ఇస్తే ఈస్టే తిరిగి పీల్చుకుంటుంది. తొందరపడి చల్లార్చేస్తే మిగిలిపోతుంది. కెగ్ అనే బీరు పీపా నుంచి ట్యాప్ వరకు బీరు ప్రవహించే గొట్టాలను శుభ్రంగా ఉంచకపోయినా బాక్టీరియా వల్ల అదే వాసన పుడుతుంది, అందుకే ఆ గొట్టాలను కనీసం రెండు వారాలకొకసారి కడగాలని అమెరికాలోని బ్రూవర్స్ అసోసియేషన్ సూచిస్తుంది. మేము చెప్పగానే అక్కడి సిబ్బంది వాదించకుండా తామూ రుచి చూసి, ఆ ట్యాప్‌ను అప్పటికప్పుడు ఆపివేసి, వేరే బీరు పోసి తెచ్చారు. లోపం ఉన్నందుకు తగ్గించిన మార్కును ఆ నిజాయితీకి తిరిగి కలిపాను. గ్లాసుల శుభ్రత విషయంలో మాత్రం ఏ వంకా లేదు: బీరు మట్టానికి కింద గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకుని ఉంటే అది సరిగా కడగని గ్లాసుకు గుర్తు, మాకు ఒక్క గ్లాసులోనూ అవి కనబడలేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఈ సేవ నిర్మాణంలోని అసలు లోపం ఈ లెక్కలోనే ఉంది. చిన్న గ్లాసులే కదా అని అందరం అనుకుంటాం. ఒక్కో గ్లాసు 120 మిల్లీలీటర్లు, ఒక్కో చోట నాలుగు, అంటే 480 మిల్లీలీటర్లు. సగటున ఆరు శాతం బీరు అనుకుంటే అందులో స్వచ్ఛమైన మద్యం సుమారు 29 మిల్లీలీటర్లు, బరువులో దాదాపు 23 గ్రాములు. మూడు చోట్లకు కలిపి 68 గ్రాములు దాటుతుంది. మన శరీరం గంటకు సుమారు ఏడు నుంచి పది గ్రాముల మద్యాన్ని మాత్రమే వదిలించుకోగలదు. అంటే రోజంతా తాగిన చిన్న గ్లాసులు పూర్తిగా దిగడానికి ఏడు నుంచి పది గంటలు కావాలి, మా కార్యక్రమం మొత్తం నిడివి ఎనిమిది గంటలు. రెండో చోటు నుంచి బయలుదేరేసరికి మాలో చాలామందికి రుచులను వేరుచేసి చెప్పే శక్తి పోయింది; మాటలు పెద్దవయ్యాయి, వినడం తగ్గింది. ఆరోగ్యానికి హాని చేయని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. దానిని పక్కన పెట్టి, రుచి తెలుసుకోవడం ఒక్కటే లక్ష్యమని అనుకున్నా మూడో చోటు ఆ లక్ష్యానికే అడ్డు. తలా నాలుగు గ్లాసులకు బదులు ఇద్దరికి కలిపి నాలుగు గ్లాసులు ఇమ్మని, మిగిలినది పారబోయడానికి బల్ల మీద ఒక పాత్ర పెట్టమని అడగవచ్చునని మాకు ఆలస్యంగా తోచింది. అలా అడిగితే చిన్నతనమని సంకోచించనక్కరలేదు.

ఇంతకీ మూడో చోటు బ్రూవరీయే కాదు. కార్యక్రమ పత్రంలో మూడింటినీ బ్రూవరీలనే రాశారు. తన ఆవరణలోనే కాచిన బీరును అక్కడే పోసి అమ్మే గది ట్యాప్‌రూమ్; దానికి తోడు పూర్తి స్థాయి వంటగది కూడా ఉంటే దానిని బ్రూపబ్ అంటారు; ఎక్కడెక్కడి బీర్లనో కెగ్గుల్లో తెప్పించి పోసేది ఇంకొక రకం. మేము వెళ్లినది ఈ చివరి రకానికి చెందిన బార్. తయారీ విభాగం ఏదని అడిగితే అక్కడివారు మమ్మల్ని వింతగా చూశారు, వారి తప్పేమీ లేదు. శనివారం సాయంత్రం కావడంతో లోపల కాలు పెట్టడానికి చోటు లేదు, పదకొండు మందికి కేటాయించిన బల్ల ఆరుగురిది, సంగీతం హోరులో గైడు పెదవులు కదలడం కనబడింది గానీ మాట వినబడలేదు. నలభై నిమిషాల తరువాత మేమే లేచి వచ్చేశాం.

మద్యం ముట్టని ఇద్దరి దగ్గర కూడా సంస్థ పూర్తి రుసుమే తీసుకుంది. వారికి మొదటి చోట వోర్ట్, రెండో చోట మంచినీళ్లు, మూడో చోట సోడా దక్కాయి. మద్యం లేని బీరును తయారు చేసే చిన్న బ్రూవరీలు ఇప్పుడు అరుదేమీ కాదు, అటువంటి దానిని ఒక్కదానిని జాబితాలో చేర్చినా ఈ ఫిర్యాదు ఉండేది కాదు. పైగా మాల్ట్ నమిలి, హాప్స్ వాసన చూసి, అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగినవారు ఆ ఇద్దరే. బీరు ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి బీరు తాగే అవసరం లేదన్న సంగతి సేవను రూపొందించినవారికి తట్టినట్టు లేదు.

వాహనం శుభ్రంగా ఉంది, డ్రైవరు వేళకు వచ్చారు, తాగునీళ్లు సరిపడా ఉంచారు, ఎవరూ బండి నడపవలసిన అవసరం రాలేదు. ఈ ఒక్క కారణానికే ఇటువంటి సేవను తీసుకోవడం సమంజసం. గుర్తింపు కార్డులు వెంట తెచ్చుకోవాలని ముందురోజు సందేశం పంపారు, రెండు చోట్ల వయసు సరిచూశారు కూడా. సేవలో లేని అదనపు గ్లాసుల బిల్లును మాత్రం మనిషికొకటిగా విడగొట్టమని చివర్లో అడిగితే రెండో చోట ఇరవై నిమిషాలు పోయాయి. ఒకరి పేరు మీద ఒకే ఖాతా తెరిచి, పంపకాలు తరువాత మీలో మీరు చూసుకోవడం తేలిక.

బృందం పరిమాణం గురించి అడిగేవారికి ఒక మాట. ట్యాంకులను చల్లబరిచే యంత్రాల మోతలో బ్రూవరు గొంతు పది పన్నెండు మంది దాకా వినబడుతుంది, అంతకు మించితే వెనుక నిలబడినవారు ఫోన్లు తీస్తారు. మీరు ఇరవై మంది అయితే రెండు జట్లుగా వెళ్లండి, ఒక జట్టు లోపల తిరుగుతుండగా మరొకటి ట్యాప్‌రూమ్‌లో కూర్చోవచ్చు.

తిరిగి వచ్చాక సంస్థకు ఈ విషయాలన్నీ రాసి, మరో బృందంతో వచ్చే సందర్శనకు కొన్ని మార్పులు కోరాను: మూడుకు బదులు రెండే చోట్లు, రెండూ స్వయంగా బీరు కాచేవే కావాలి, సెలవు రోజు కాకుండా పనిదినం ఉదయం కావాలి, మొదటి చోట రెండున్నర గంటలు, రెండో చోటికి వెళ్లేముందు గంట భోజన విరామం, గ్లాసులు సగం. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. మూడో చోటును తీసివేయడానికి, పనిదినానికి మార్చడానికి ఒప్పుకున్నారు, గైడు పాఠాన్ని సరిచేస్తామని కూడా రాశారు. మద్యం ముట్టనివారి రుసుము గురించి అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ జవాబులో ఒక్క వాక్యమూ లేదు. అది తేలేదాకా మేము తేదీ ఖరారు చేయడం లేదు.